మూడు దెబ్బలు, ఒక ఖాళీ

“చంపేశారు కదరా! మీరంతా కలిసి నిలువునా చంపేశారు!”

బావ చేతిలో ఉన్న ఇనప పిడితో బల్ల మీద ఒక్కటి వేశాడు. రెండు గ్లాసులు ఎగిరిపడ్డాయి. రెండూ ఖాళీవే.

“ఎవర్ని బావా?” బావమరిది ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

“మెటల్‌ని! హెవీ మెటల్‌ని! వినిపిస్తోందా ఆ దరిద్రం?”

వినిపిస్తోంది. ఇంటి వెనక కారు షెడ్డును బావ ప్రాక్టీసు గదిగా మార్చి పద్దెనిమిదేళ్లయింది. గోడల నిండా గుడ్ల అట్టలు. కిటికీ ఉండాల్సిన చోట ఇటుకలు. తలుపంటే మామూలు తలుపు కాదు, నాలుగంగుళాల స్పాంజి అతికించిన ఇనప రేకు. వదిలితే దానంతటదే మూసుకుపోతుంది. లోపల పిడుగు పడినా, బయట బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు ఎవరో దూరంగా పరుపు దులుపుతున్నట్టే ఉంటుంది. ఇప్పుడూ అలాగే ఉంది. మూడు దెబ్బలు. ఒక ఖాళీ. మళ్లీ మూడు.

బ్యాండుకు డ్రమ్మర్ లేడు. శనివారం ప్రదర్శన. ఈ నెలలో వచ్చిన నలుగురినీ బావ గెంటేశాడు. ఈరోజు పదింటికి వస్తానన్నవాడు ఐదోవాడు. వీడూ పనికిరాకపోతే గదిని ట్యూషన్ మాస్టారికి ఇచ్చేసి గిటారును అటకెక్కిస్తానని ప్రకటించాడు కూడా. బావమరిదికి ఉన్నది ఆ ఒక్క గది, ఆ ఒక్క బ్యాండు.

బావది ఒక పద్ధతి. కొత్తవాడి మొదటి పరీక్ష తలుపు మూసే జరగాలి. ముఖం చూస్తే మొహమాటం పుడుతుందట. వాయిస్తుండగా తలుపు తీయడం ఆ ఇంట్లో హత్యతో సమానం. అందుకే బల్బు కొనడానికి వెళ్లిన ఇద్దరూ తిరిగొచ్చేసరికి లోపల మోత మొదలైపోయి ఉంటే, నోరు మూసుకుని కుర్చీలు లాక్కున్నారు. నోరు మూసుకోవడం అన్నది మాట వరసకే.

“సింబల్స్ ఏవిరా? పళ్లెం మీద పుల్ల పడిన చప్పుడైనా లేదే!”

“వద్దనుకున్నాడు బావా. అనవసరమైనవన్నీ తీసి పారేశాడు. ఇప్పుడంతా అదే.”

“ఇల్లు కూలగొట్టి గాలి బాగా వస్తోందన్నాట్ట వెనకటికొకడు.”

“మీ కాలంలోనే ఆగిపోయుంటే ఈపాటికి మ్యూజియంలో పెట్టి టికెట్లు కొట్టేవాళ్లు. పదేళ్లకోసారి కొత్త కొమ్మ వేసింది గనకే బతికుంది.”

“కొమ్మలే మిగిలాయి. మొద్దు ఎప్పుడో పుచ్చిపోయింది.”

బావ పిడితో బల్ల మీద తాళం వేసి చూశాడు. గదిలో బేస్ మోగినప్పుడల్లా గరగరమంటోందని ఆ పొద్దున తనే తలుపుకు లోపలివైపు స్క్రూలు విప్పి తెచ్చిన పిడి అది. సంగీతంలో గరగర అతను సహించడు. ఎంత కొట్టినా లోపలి దెబ్బలతో కలవలేదు.

“చూశావా! మూడు కొట్టాడు, ఆగాడు, ఇప్పుడు ఐదు! తాళం తప్పుతున్నాడు.”

“తప్పడం కాదు, మారుస్తున్నాడు. ఆ లెక్క నీకు అందట్లేదంతే.”

“నాకా? స్టేజీ మీద నన్ను ‘రంపం’ అనేవాళ్లురా!”

“అందుకేగా ఇప్పటికీ కోతలు కోస్తున్నావు.”

బావకు ఒళ్లు మండింది. ఖాళీ గ్లాసులోకి చూసేసరికి ఇంకా మండింది. “టీ మొహం చూసి గంటయింది. మీ అక్క ఎటు పోయింది?”

బావమరిది అక్కకు ఫోన్ చేశాడు. అది వంటింట్లోనే మోగింది.

“ఫోన్ వదిలేసి వెళ్లింది. నీకేమైనా చెప్పిందా?”

“పొద్దున చీపురు పట్టుకుని ఏదో గొణిగింది. నేను వినలేదు. నీకు?”

“నాకూ ఏదో చెప్పింది. నేనూ వినలేదు.”

లోపల మోత నిదానించింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి తీసుకునేంత ఖాళీ.

“అదిగో! దిగజారడం అంటే ఇదే! పావుగంటకే ఆయాసం. మేం మూడు గంటలు ఆగకుండా వాయించేవాళ్లం.”

“ఆయాసం కాదు బావా, బరువు. శవయాత్రలా నిదానంగా సాగే మెటల్ ఒకటుంది. కావాలనే అలా…”

“అన్నీ కావాలనే! చేతకాకపోతే కావాలనే, తప్పితే కావాలనే!”

అప్పుడు గొంతు లేచింది. మాట కాదు, స్పాంజిలోంచి నలిగి వచ్చిన బొంగురు అరుపు. వెంటనే ఇనుము మీద ఇనుము పడ్డట్టు ధడేల్మని ఒక దెబ్బ.

“పాడుతున్నాడు కూడా!” బావమరిది లేచి నిలబడి ఫోన్‌లో రికార్డింగ్ నొక్కాడు.

“ఒక్క ముక్క అర్థమైతే నా చెవి కోయి.”

“అర్థం కానక్కర్లేదు. అది కడుపులోంచి వచ్చే గర్జన.”

బావ ఇంకేదో అనబోయి ఆగాడు. పిడిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. ఆ అరుపు మళ్లీ వచ్చింది, చీలి, పగిలి, కసిగా. దాని వెంట దెబ్బలు, ఒక వరసా క్రమం లేకుండా. బావ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

“ఒరేయ్…” అతని గొంతు మారింది. “ఇది నటన కాదురా. మీరంతా కోపాన్ని నటిస్తారు. ఇది నిజం కోపం. ఎదురొచ్చినవాణ్ని నమిలి ఉమ్మేసే కోపం. ఇరవయ్యేళ్ల తరవాత వింటున్నాను.”

“అంటే?”

“అంటే చావలేదు. నాదే తప్పు. శనివారం వీడే కూర్చుంటాడు. గది ఎవరికీ ఇచ్చేది లేదు.”

బావమరిది బావను వాటేసుకున్నాడు. పద్దెనిమిదేళ్ల తగువు అక్కడితో తెగిపోయింది.

వీధి వైపు నుంచి ఎవరో దగ్గారు. సంచీలోంచి రెండు డ్రమ్ పుల్లలు తొంగిచూస్తున్న మనిషి, చెమటలు కక్కుతూ నిలబడ్డాడు.

“సార్, డ్రమ్మర్‌ని. పదింటికి రమ్మన్నారు. బస్సు చెడిపోయింది, ఏమీ అనుకోకండి.”

ఇద్దరూ అతన్ని చూశారు. ఇనప తలుపును చూశారు. ఆ పొద్దుటి నుంచి మొదటిసారి ఇద్దరూ ఒకేసారి నోరు మూశారు.

అప్పుడు మాట స్పష్టంగా వినబడింది.

“ఒరేయ్ తమ్ముడూ, తలుపు తియ్యరా!”