శంకు నత్త ముట్టలేదు

“ఇయ్యాల గూడ ముట్టలేదమ్మా. ఉత్త నీళ్లల్లనే ఉన్నది,” అన్నాడు సమ్మయ్య ఫోనులో.

సుధామయి కళ్లు మూసుకుంది. ఇది ఆరో రోజు.

యూనివర్సిటీలో ఆమె పరిశోధన ఒక సముద్రపు నత్త మీద. శంకులా ఉంటుంది. ఈటెలాంటి పన్నుతో చేపను పొడిచి, విషంతో కొయ్యబారేలా చేసి మింగుతుంది. సమ్మయ్య ఆ ల్యాబు అటెండరు.

తెలంగాణ ఉద్యమంతో తరగతులు ఆగిపోయాయి. తార్నాకలో వాళ్ల ఫ్లాటు నుంచి క్యాంపస్‌కి నడిస్తే పావుగంట. అయినా తండ్రి సుందరరావు గడప దాటనివ్వడం లేదు. మనది భీమవరమని నోరు తెరిస్తే తెలిసిపోతుంది, గొడవల్లోకి ఎందుకంటాడు. ఫోను కూడా స్పీకర్లో పెట్టి తన ముందే మాట్లాడమన్నాడు.

“కదులుతోందా?” అంది సుధామయి.

“పొద్దుగాల జర కదిలింది. ఇప్పుడు పండుకున్నది.”

సుందరరావుకు నవ్వొచ్చింది. “నత్త పడుకోవడమేంటయ్యా?”

“ఆకలైతే ఎవరైనా పండుకుంటరు సార్.”

టీవీలో లాఠీలు, బాష్పవాయువు, విద్యార్థుల దీక్షలు. ఆయన కట్టేశాడు. బాల్కనీ తలుపు వేసినా కళ్లు మండుతూనే ఉన్నాయి. సుధామయి ఆ తలుపు దగ్గరే నిలబడి క్యాంపస్ చెట్ల వైపు చూస్తోంది. తల్లి కమలాదేవి కలిపి పెట్టిన అన్నం కంచంలోనే ఎండిపోయింది.

“విషప్పురుగు మీద అంత ప్రాణమేంటమ్మా?” అన్నాడు తండ్రి.

“జోలికొస్తేనే కుడుతుంది నాన్నా. లేకపోతే అంత నెమ్మదైనది ఇంకోటి లేదు.”

నత్తలు తినకుండా వారాలు ఉంటాయని ఎక్కడో చదివానని ఆయన ధైర్యం చెప్పబోయాడు. ఆమె ఏడ్చేసింది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడి కాలు విరిగినప్పుడు కూడా అలా ఏడవలేదు.

ఆయన లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. తర్వాత, రేపు తనే స్కూటరు మీద తీసుకెళ్తానన్నాడు. ఆ నత్తేదో తనకూ చూపించమన్నాడు.

సుధామయి తలెత్తి తండ్రిని చూసింది. ఏదో చెప్పబోయింది.

ఫోను మోగింది. సమ్మయ్యే. ఈసారి సుందరరావే ఆత్రంగా స్పీకరు నొక్కి కూతురి ముందు పెట్టాడు. ఆమె అడిగేలోపే అవతల గొంతు సంతోషంతో వణికింది.

“నిమ్మరసం తాగిండమ్మా.”