బంగారు చుక్క

పేపరులో వచ్చింది నాలుగు వాక్యాలే. బంగారంతో కంటివాపుకు మందు చేస్తున్నారని, తిరుపతిలోనే చేస్తున్నారని.

రేవతి ఆ విలేకరికి చెప్పినవాటిలో ఒక్క మాట మాత్రం ఎగిరిపోయింది. ఎలుకలు.

2007 వానాకాలం అది. మరునాటి నుంచి విశ్వవిద్యాలయంలో ఆమె పరిశోధన చేసే గది ముందు జనం. పుత్తూరు నుంచి, నగరి నుంచి, ఎర్రబడిన కళ్ళతో, నల్లద్దాలతో వచ్చారు.

"ఇది మనుషులకు వేసే మందు కాదండీ. ఇంకా ఎలుకల మీదే చూస్తున్నాం."

చెప్పి చెప్పి రేవతికి నోరు నొప్పి పుట్టింది. వచ్చినవాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. ఒక ముసలామె మాత్రం కదల్లేదు. పుత్తూరు పక్కన పల్లె, పేరు దేవకమ్మ.

"ఆ బంగారం ఒక్కసారి సూపించమ్మా. సూసి పోతా."

ఆ మాత్రానికి కాదనడమెందుకని రేవతి చిన్న సీసా తెచ్చి చూపించింది. లోపల ఎర్రటి నీళ్ళు.

"ఇదేంది, కుంకం నీళ్ళ మాదిరి ఉండాది?"

"బంగారమే అవ్వా. కంటికి ఆననంత నలుసులుగా చేస్తే పసుపు పోయి ఎరుపు వస్తుంది."

దేవకమ్మ ఇట్టే నమ్మింది. "కంటికురుపు లేస్తే మేము బంగారు ఉంగరం అరచేతిలో రుద్ది ఆ వేడి పెడతాము. మీరు దాన్నే నీళ్ళు చేసినారు."

రేవతికి నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

"ఎలకలకి గూడా ఈ కండ్ల జబ్బు వస్తాదా?"

"దానంతటది రాదు. మేమే తెప్పిస్తాం. తర్వాత మందు వేసి, తగ్గుతుందా, కన్ను చెడుతుందా అని చూస్తాం."

"పాపం," అంది దేవకమ్మ. "మంట పుడతాదా? సిన్నబిడ్డలు తట్టుకుంటారా?"

"ఇంకా తెలీదు. ఎలుకల తర్వాత కుందేళ్ళు. ఆ తర్వాతే మనుషులు. చాలా ఏళ్ళు పడుతుంది."

"శానా ఏండ్లా," అని తనలో తను అనుకుంటూ దేవకమ్మ మెట్లు దిగింది.

దసరా ఇంకా రాకముందే మళ్ళీ వచ్చింది. కుడికన్ను పండుమిరపకాయలా ఉంది. నీళ్ళు ఆగకుండా కారుతున్నాయి.

"వచ్చేసినాదమ్మా జబ్బు. ఇప్పుడు వెయ్యి నీ మందు."

రేవతి వెంటనే ఆమెను స్కూటరు మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. దారంతా ముసలామె ఆమె భుజం గట్టిగా పట్టుకునే ఉంది, మూలగలేదు.

కంటి డాక్టరు ప్రతాప్ రేవతికి తెలిసినవాడే. లైటు వేసి చూశాడు.

"ఇది లోపల నుంచి వచ్చిన వాపు కాదు. కంట్లో ఏం పడింది?"

"జిల్లేడు పాలు సామీ. రథసప్తమికి ఆకులు కోస్తా ఉంటే చిందినాయి."

"దసరా కూడా కాలేదు, అప్పుడే రథసప్తమా?"

దేవకమ్మ తల వంచుకుంది. పెద్దామె కదా, పండగలు కలగాపులగం అయ్యాయనుకున్నారు ఇద్దరూ.

కన్ను కడిగి, చుక్కలు వేశారు. దేవకమ్మ రేవతి చెయ్యి వదల్లేదు.

"ఈ సుక్కలు కాదమ్మా. ఆ ఎర్రసుక్క ఒకటి వెయ్యి. కన్ను పోతే పోనీ. నిన్నేమీ అనను."

"మనుషులకు వెయ్యకూడదవ్వా. చెప్పాను కదా."

"ఒక్క సుక్కమ్మా."

రేవతికి చిర్రెత్తింది. "కళ్ళ జబ్బు నీ ఒక్కదానికే వచ్చిందా? నీ కంటి కోసం నేను తప్పు పని చెయ్యాలా?"

దేవకమ్మ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. చుక్కమందు కొంగున ముడేసుకుని బస్టాండు వైపు నడిచింది. ఆ తర్వాత రాలేదు.

ఏడాది తిరిగింది. రేవతి ఎలుకలు దాటి కుందేళ్ళ దాకా వచ్చింది. ఒకరోజు ప్రతాప్‌తో మాట్లాడాలని ఆసుపత్రికి వెళితే, బెంచీ మీద నల్లద్దాలు పెట్టుకున్న పిల్ల ఒకతె కనిపించింది. పక్కన తల్లి.

"నవీన అని, కంటివాపుకు చాలా కాలంగా చూస్తున్నాను," అన్నాడు ప్రతాప్. "తగ్గడం, మళ్ళీ రావడం. ఇప్పుడు మాత్రలు మార్చాక నిలకడగా ఉంది."

పిల్ల రేవతిని ఎగాదిగా చూసింది. "ఎర్రబంగారం మేడమ్ నువ్వేనా?"

"నీకెవరు చెప్పారు?"

"మా అవ్వ. దేవకవ్వ."

రేవతి పిల్ల పక్కన కూర్చుంది. "అవ్వ ఎలా ఉంది? కన్ను బాగయిందా?"

తల్లి మునిరత్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ కన్ను మబ్బు పట్టి పోయినాది మేడమ్. మొన్న ఎండల్లో మనిషే పోయింది."

ఆ రోజు విసుక్కున్న మాటలన్నీ రేవతికి గుర్తుకొచ్చాయి. ఏడుపు ఆపుకుంటూ అడిగింది. "ఆమెకు ముందు నుంచీ కళ్ళ జబ్బు ఉండేదా?"

"మా అత్తకా? నాకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది ఆమే మేడమ్."

నవీన నల్లద్దాలు తీసి, తేటపడిన కళ్ళతో రేవతిని చూసింది.

"ఎలకలకి ఏసి సూస్తా కూసుంటే శానా ఏండ్లు పడతాదంట గదా మేడమ్, అందుకే నీ ఎలకని నేనే అవతా పాపా అనేసి జిల్లేడు చెట్టు కాడికి పోయింది మా అవ్వ."