చామమ్మ గడప దాటిన వేళ

మొదట గాజుల చప్పుడు వినిపించింది. అవి రాతిగాజులు. అక్కడి రాళ్లకు సైతం మాట, కదలిక అమర్చిన నాటి నుంచి పురావస్తుశాల అటెండరు నాగరత్నకు ఆ చప్పుడు అలవాటే.

తలుపు బయట రెండు బండ్ల మీద రెండు శిల్పాలు వేచి ఉన్నాయి. ఒకటి చామమ్మ. రెండోది, ఆవుల మందను కాపాడుతూ నేలకొరిగిన ఆమె భర్త. అతని నోరు అరిగిపోయి మాట రాదు, కింద చెక్కిన పేరూ అరిగిపోయింది. పేరు లేని రాయి మధ్యాహ్నానికల్లా గోదాముకు వెళ్లాలన్నది నియమం.

"మీ ఆయన పేరు చెప్పుమ్మా," అంది నాగరత్న. "లేకుంటే ఆయన గోదాములో, నువ్వు హాల్లో."

"మొగుని పేరు పలుకుతారా యాడన్నా? ఆయుస్సు తగ్గదూ?"

"ఆయన పొయ్యి వెయ్యేండ్లాయ గదమ్మా!"

"ఇంకేమన్నా మిగిలుంటే?"

"పోనీ, రాసియ్యి."

"నాకు అచ్చరాలు రావు."

గోదాము మనుషులు వచ్చి అతని బండిని వెనక్కి తిప్పారు. చామమ్మ గాజులు గలగలలాడాయి.

నాగరత్న గబగబా వెళ్లి గడపకు అడ్డంగా చేతులు చాచి నిలబడింది.

"ఏం వదినా, ఊరికే లోపలికి పోదామనుకున్యావా? నేను నీ ఆడబిడ్డను. కొత్త కోడలు మొగుని పేరు చెప్తేనే దారి ఇచ్చేది!"

గోదాము మనుషులు ఆగిపోయారు. చామమ్మ రాతికొంగును నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆడబిడ్డ అడిగితే తప్పదు గదా," అని గొణిగింది. "నేనొచ్చినా. నాతో పాటు మా ఆయన... మాచయ్య."