పెంచింది ఎవరు?

"పందెం పెంచింది నేనురా! నా ఆట చూడకుండా ముందే దూకుతావేంటి?" హార్లన్ నవ్వాడు.

"నువ్వు పెంచావా? ఎప్పుడు?" అన్నాడు డెల్బర్ట్, బల్ల మధ్యకు పందెం బిళ్లలు తోస్తూ.

"అబ్బో, ఏం నటనరా!"

అమరిల్లో ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఆదివారాలు ఇద్దరూ కలిసి పోకర్ పేకాట ఆడుతున్నారు. పందెం పెంచినవాడి ఆట చూడకుండా డెల్బర్ట్ ఎన్నడూ ముందు బిళ్లలు తోయలేదు. ఈసారి అతనికి పెద్ద ముక్కలే పడి ఉంటాయనుకుని హార్లన్ తన రాజుల జతను పారేశాడు. డెల్బర్ట్ ముక్కలు తిప్పి చూపించాడు. పనికొచ్చేది ఒక్కటీ లేదు.

"బోల్తా కొట్టించాడమ్మా మీ ఆయన!" అన్నాడు హార్లన్, డెల్బర్ట్ భార్య ఓపల్‌తో.

ఆమె నవ్వలేదు. "పొద్దున, ఎప్పుడూ వెళ్లే చర్చికే దారేదని నన్నడిగాడు," అంది మెల్లగా.

తర్వాతి ఆటలో హార్లన్ మళ్లీ పెంచాడు. "పెంచింది నేనేరా," అని నెమ్మదిగా చెప్పాడు.

డెల్బర్ట్ తలూపాడు. బల్ల మీద ఇద్దరికీ ఉమ్మడిగా వేసిన ముక్కలు తెరవగానే మళ్లీ తనే ముందు బిళ్లలు తోశాడు.

చేతిలో ఉన్న ముక్కలతో ఏం చేయాలో హార్లన్‌కి తోచలేదు.