మంచు మీద కొడుకు

“మా అవ్వకు, కన్నతల్లికి, కొరివి పెట్టాలె. పాస్‌పోర్టు ఇయ్యమను, లేకుంటే దీన్ని చీరేస్త!”

బహ్రెయిన్‌లోని గలాలీ విల్లాలో, గోడకున్న పాత జపాన్ బొమ్మ పటానికి కత్తి ఆనించి అరిచాడు మల్లేష్. బయట కఫీల్, అతన్ని పనికి తెచ్చుకున్న యజమాని, తలుపు బాదుతున్నాడు.

“ఆగరా తమ్ముడా! అందులో ఉన్నదెవరో తెలుసా?” గదిలోనే ఉన్న వంటమనిషి సత్యకుమారి అడ్డుపడింది. “తల్లి తనకు చేప కావాలంటే, గడ్డకట్టిన ఏటి మీద పడుకుని, ఒంటివేడితో మంచు కరిగించిన కొడుకంట. మేడమ్ చెప్పింది.”

మల్లేష్ బొమ్మ వంక చూశాడు.

“మా అవ్వ గూడ మంచులనే ఉందక్కా. నేనొస్తనని ఐసు డబ్బల పండవెట్టిన్రు.”

కత్తి వదిలేసి, చెల్లెలికి ఫోన్ చేశాడు.

“స్వర్ణా, నా కోసం సూడకు. అవ్వను ఇంకెంత సేపు సలిల ఉంచుతం? కొరివి నువ్వే పెట్టు.”