పరీక్షకుడు కావాలి

సొంత మనుషులే వదిలేస్తున్న భాషను ఎక్కడివాడో వచ్చి ఎందుకు నేర్చుకుంటాడు? ఒడిరిలె ఉదయం నుంచి ఇదే ఆలోచిస్తున్నాడు. పౌరసత్వ దరఖాస్తులు చూసే ఈ ఉద్యోగంలో పద్దెనిమిదేళ్ళుగా అతని బల్ల ముందు రకరకాల మనుషులు కూర్చున్నారు. దేశభాష సెత్స్వానా రానివాళ్ళు బతిమాలేవారు, వచ్చినవాళ్ళు అడక్కుండానే గంటసేపు మాట్లాడేవారు. ఈ జాంబియా మనిషి ముసోండా మాత్రం ‘తెలిసిన స్థానిక భాష’ అన్నచోట ‘షియేయీ’ అని ఒక చిన్న తెగ భాష పేరు రాసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“పంతొమ్మిదేళ్ళు మా నీళ్ళు తాగి, మా భాష రాదంటే ఎలాగయ్యా?” అంది పక్క బల్ల దగ్గరి గుమాస్తా కెనేల్వే.

“వచ్చమ్మా. మీకు రానిది కూడా వచ్చు,” అన్నాడు ముసోండా, బేరసారాలకు మాత్రమే పనికొచ్చే తన సెత్స్వానాలో.

“మాటకారితనం మాత్రం నేర్చాడు సార్.”

చట్టం అతని వైపే ఉంది. సెత్స్వానా కాకపోతే ఈ దేశపు ఏ తెగ భాష వచ్చినా చాలు. అయితే, వచ్చునని సంతకం పెట్టడానికి ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్ళు ఒకరు కావాలి. మధ్యాహ్నం పన్నెండుకు ఫైలు రాజధానికి వెళ్ళిపోతుంది. ముసోండా పర్మిట్ శుక్రవారంతో సరి. ఆ తరువాత భార్యాపిల్లలను ఇక్కడ వదిలి అతను నది దాటి జాంబియా వెళ్ళిపోవాల్సిందే.

ఒడిరిలె ఆ తెగవాళ్ళుండే గుమారె ఊరికి ఫోన్ చేశాడు. ఆ భాష తెలిసిన పెద్దాయన పోయి ఏడాదైందన్నారు. సెరొంగా అనే ఇంకో ఊళ్ళో ఒక బడిపంతులు దొరికాడు. “మా అమ్మమ్మకి వచ్చు సార్, నాకు రాదు. ఆవిడ పడవెక్కి మీ దగ్గరికి వచ్చేసరికి ఎల్లుండి అవుతుంది,” అన్నాడు.

“ఈ ఆఫీసులో ఆ తెగవాళ్ళు ఎవరూ లేరా అయ్యా?” అని అడిగాడు ముసోండా.

“ఉంటే మాత్రం చెప్పుకుంటారా?” అంది కెనేల్వే. “మా బళ్ళో ఆ తెగ పిల్ల ఒకతి ఉండేది. నోరు తెరిస్తే చిటుకు చిటుకుమనేది. ఏడాది తిరిగేసరికి మాకంటే శుభ్రంగా సెత్స్వానా మాట్లాడింది. అంతలా ఏడిపించాం మరి.”

ఒడిరిలె కాగితాలు సర్దాడు. “అసలు మీకెలా వచ్చింది?” అన్నాడు.

“పడవ ఇంజన్లు బాగుచేద్దామని ఆ తెగవాళ్ళ ఊరికి వెళ్ళి, ఒక ముసలమ్మ ఇంట్లో దిగానయ్యా. రోజూ నన్ను తిట్టేది. ఎందుకు తిడుతోందో తెలుసుకుందామనిపించింది. మూడేళ్ళు పట్టింది.”

“ఎందుకట?”

“నేను రోజూ కూర్చునేది ఆవిడ కుర్చీలోనట.”

కెనేల్వే పకపకా నవ్వింది. ఒడిరిలె నవ్వలేదు. మనిషి కొత్త భాషను అవసరం కొద్దీ నేర్చుకుంటాడని, లేదా భయం కొద్దీ నేర్చుకుంటాడని అతని అభిప్రాయం. ఏమంటున్నారో తెలుసుకోవాలన్న కోరిక కొద్దీ కూడా నేర్చుకుంటారని అతనికి ఎప్పుడూ తట్టలేదు.

“ఏదీ, కాస్త మాట్లాడండి.”

ముసోండా మొదట కెనేల్వేను, తరువాత ఒడిరిలెను చూస్తూ మొదలుపెట్టాడు. నాలుక అంగిలికి తగిలి చిటుకుమంటోంది, మాట మాత్రం ఎక్కడా తడబడటం లేదు. రెండు నిమిషాలు ఏకబిగిన మాట్లాడి ఊపిరి పీల్చుకున్నాడు.

“ఎండుకట్టెలు విరిచినట్టుంది సార్,” అని కెనేల్వే పొట్ట పట్టుకుంది. ఒడిరిలె కూడా నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా.

“ఇంతకీ ఏం చెప్పావయ్యా?” అందామె.

“చేపల గురించమ్మా. వరద తీశాక వల ఎక్కడ వేయాలో చెప్పాను,” అన్నాడు ముసోండా వినయంగా.

“చేపలో కప్పలో, మాకెలా తెలుస్తుంది? మంచివాడిలాగే ఉన్నావు గానీ, తెలియనిదానికి సంతకం ఎవరు పెడతారు?” ఆమె తిరస్కరణ ముద్రను సిరాలో అద్దింది. “పన్నెండవుతోంది. వేసెయ్యనా సార్?”

ముసోండా లేచాడు. టోపీ చేతుల్లో నలిగిపోతోంది. “పిల్లలకి ఏం చెప్పను?” అన్నాడు, ఎవరినీ చూడకుండా.

ఒడిరిలెకు ఇక్కడ ఇంకా పన్నెండేళ్ళ ఉద్యోగం ఉంది. రేపటి నుంచి ఈ కెనేల్వే పక్కనే కూర్చోవాలి. ముద్ర కిందికి దిగుతుంటే అతను ఫైలు మీద అరచెయ్యి పెట్టాడు.

“చేపల మాట ఒక్కటీ లేదు, మా ఇద్దర్నీ కడిగేశావు, పాసయ్యావు,” అన్నాడు ఒడిరిలె, షియేయీలో.