నలభై ఐదు చుట్లు

"విన్నావా? ఏనుగు నిద్రలో నడిచినట్టు లేదూ! ఇదీ మీ తమ్ముడి అభిరుచి," అన్నాడు భర్త, హోరెత్తే హెవీ మెటల్ పాటల గ్రామఫోను రికార్డును పారేయబోయే ముందు ఆఖరిసారి వినిపిస్తూ.

అది తమ్ముడు ముచ్చటపడి తెచ్చిన కానుక. బావ దాన్ని పదిమందిలో ఎగతాళి చేసిన నాటి నుంచి, పదేళ్లుగా అతడు అక్క గడప తొక్కలేదు.

ఆమె కళ్లజోడు సవరించుకొని అట్ట వెనక అక్షరాలు చదివింది. "ఇది నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరగాలట. మీరు ముప్పై మూడు మీద పెట్టారు. మీకిష్టమైన ఇరవై నిమిషాల ప్రోగ్రెసివ్ రాక్ పాటలో డ్రమ్ము మీద ఒక్క దెబ్బ తప్పినా పట్టేస్తారే!"

"పాడేవాడి గొంతు తేడాగా ఉంటే నాకు తెలియదా?"

"అరిచేవాడు ఏ వేగంలోనైనా అరుస్తాడు కదండీ!"

ఆమె వేగం మీట మార్చింది. గిటార్లు గుర్రాల్లా దౌడు తీశాయి. పాట ముగిసేదాకా భర్త కాలితో తాళం వేస్తూనే ఉన్నాడు.

"బాగుంది," అన్నాడు చివరికి. "మీవాడికి చెప్పకు."

"నేను చెప్పను. తీర్పిచ్చిన నోరే దిద్దుకోవాలి," అంటూ ఆమె ఫోను కలిపి అతని చేతికిచ్చింది.

అతడు గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాదేరా. ఇన్నాళ్లూ తప్పు వేగంలో విన్నాను. అద్భుతంగా ఉంది."

అవతలి నుంచి తమ్ముడు అడిగాడు, "రెండో వైపు కూడా విన్నావా, బావా?"

"లేదు. నువ్వొచ్చాకే పెడతాను."